రోడ్ సైకిల్ కొనేముందు: ఏ గుంపుకు ఏ బండి, ఏ ఖర్చు ముందు

క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళు వారం తిరక్కుండానే అడిగే మాట, "అన్నా, లక్ష లోపు ఏ సైకిల్ తీసుకోమంటారు?" దానికి ఎదురు ప్రశ్నే సరైన జవాబు: ఆదివారం పొద్దున ఎవరితో తొక్కబోతున్నారు? ఫ్రేము కార్బనా, అల్యూమినియమా అన్నది ఆ తర్వాతి సంగతి. హైదరాబాద్‌లో గానీ, విశాఖలో గానీ ఒక్కో గుంపుది ఒక్కో వేగం, ఒక్కో రోడ్డు, ఒక్కో అలవాటు. మీ గుంపుకు సరిపోని బండి ఎంత ఖరీదు పెట్టి కొన్నా బాల్కనీలో బట్టలారేసుకోవడానికి తప్ప పనికిరాదు.

ముందు గుంపు తేల్చుకోండి

మోటుగా మూడు రకాలు. ఒకటి టిఫిన్ గుంపు. గంటకు 20, 22 కి.మీ. వేగంతో గండిపేట వైపో, చిలుకూరు వైపో వెళ్ళి, ఇడ్లీ తిని, ఎండ ముదరకముందే ఇల్లు చేరే బాపతు. ఎవరైనా వెనకబడితే ఆగుతారు. పంక్చరైతే నలుగురు చుట్టూ నిలబడి సలహాలిస్తారు, ఒకరు పని చేస్తారు.

రెండోది దూకుడు గుంపు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సర్వీసు రోడ్డు మీద, ముందున్నవాళ్ళ వెనక చక్రానికీ తమ ముందు చక్రానికీ మధ్య మూరెడు ఎడంతో, 30కి తగ్గకుండా పోయేవాళ్ళు. ఇక్కడ వెనకబడ్డవాళ్ళ కోసం ఎవరూ ఆగరు. అది తప్పూ కాదు, ముందే చెప్పి చేసేదే.

మూడోది బ్రెవే గుంపు. బ్రెవే అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు రైడ్. వాళ్ళకు కావలసింది వేగం కాదు, దూరం. ప్యారిస్‌లోని ఆడాక్స్ క్లబ్ నిబంధనల ప్రకారం 200 కి.మీ. రైడ్‌కు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటల గడువు. ఒకే సీజన్‌లో ఈ నాలుగూ పూర్తి చేస్తే సూపర్ రాండనర్ అంటారు. లెక్క వేసి చూడండి: టిఫిను, టీ, పంక్చరు, చెట్టు కింద కునుకు అన్నీ కలుపుకుని గంటకు 15 కి.మీ. చాలు. అంటే బ్రెవేకు వేగంగా పోయే సైకిల్ అక్కర్లేదు, పది గంటలు కూర్చున్నా నడుము పట్టని సైకిల్ కావాలి. వీటికి కార్బన్ బండి తప్పనిసరి అని ఎవరైనా చెబితే వాళ్ళ దగ్గర పాత కార్బన్ బండి అమ్మకానికి ఉందేమో కనుక్కోండి.

హైబ్రిడా, రోడ్ బైకా?

నగరాల్లో చాలామంది మొదలయ్యేది హైబ్రిడ్‌తోనే, అంటే తిన్నని హ్యాండిల్ ఉన్న మధ్యరకం బండితోనే. నిటారుగా కూర్చోవచ్చు, టైర్లు వెడల్పు, బ్రేకులు చేతికింద, ట్రాఫిక్‌లో భయం తక్కువ. ధర కూడా అందుబాటులో ఉంటుంది. టిఫిన్ గుంపుకు ఇది చక్కగా సరిపోతుంది. నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరుల వైపు సోలార్ పలకల నీడలో 23 కి.మీ. సైకిల్ ట్రాక్ 2023 అక్టోబరులో తెరిచారు కదా, అక్కడ తొక్కడానికైతే ఇంతకుమించి అక్కర్లేదు. అక్కడ గుంపుగా 32లో దూసుకుపోవాలనుకుంటే అసలు ట్రాకే తప్పు. ఎదురుగా వచ్చేవాళ్ళుంటారు, పిల్లలుంటారు, వాకింగ్‌కు వచ్చినవాళ్ళూ ఉంటారు.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే గాలి దగ్గర. చదునైన రోడ్డు మీద వేగం 25 దాటాక మీ బలంలో సింహభాగం గాలిని చీల్చడానికే పోతుంది. గాలికి పెట్టే శక్తి వేగంతో సమానంగా పెరగదు, దాని ఘనంతో పెరుగుతుంది. హైబ్రిడ్ మీద ఛాతీ గాలికి తెరచాపలా అడ్డం నిలబడుతుంది. 30 వేగంలో అదే మనిషి వంగిన హ్యాండిల్ పట్టుకుని కాస్త ముందుకు ఒరిగితే, సన్నటి టైర్ల లాభం కూడా కలిపి, 30 నుంచి 50 వాట్ల దాకా మిగులుతుంది. మామూలు ఉద్యోగస్థుడు గంటసేపు పెట్టగలిగే శక్తి 180, 200 వాట్లు అనుకుంటే అది చిన్న సంఖ్య కాదు. కాబట్టి దూకుడు గుంపులో హైబ్రిడ్‌తో ఉండటం అంటే, మిగతావాళ్ళకు సులువైన రోజు మీకు పరీక్ష.

రోడ్ బైకుల్లో మళ్ళీ రెండు తెగలు. రేస్ తరహావి హ్యాండిల్ బాగా కిందికి, ముందుకు ఉంటాయి. ఎండ్యూరెన్స్ తరహావి హ్యాండిల్ కాస్త పైకి, చక్రాల మధ్య దూరం కాస్త ఎక్కువ, వెడల్పు టైర్లకు చోటు ఎక్కువ. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని మెడ బిగుసుకుపోయినవాళ్ళకు నా సలహా ఎప్పుడూ ఎండ్యూరెన్సే. షాపులో రేస్ బండి అందంగా కనిపిస్తుంది, నిజమే. రెండో గంటలో అరచేతులు తిమ్మిరెక్కినప్పుడు ఆ అందం గుర్తుకు రాదు.

ఇక సైజు. 54 కావలసినవాళ్ళకు స్టాకులో 56 ఉందని అంటగట్టే షాపులున్నాయి. "సీటు దించుకుంటే సరిపోతుంది సర్" అంటారు. సీటు దిగుతుంది గానీ, హ్యాండిల్ దగ్గరికి రాదు. సైజు సరిగ్గా ఉన్న మామూలు బండి, సైజు తప్పిన ఖరీదైన బండి కంటే ప్రతి రోజూ మేలు. దీనిమీద బేరం లేదు.

ఇంకో మాట. ముందుకు చాచిన ఏరో బార్లు బిగించుకుని గుంపులోకి రాకండి. ట్రయథ్లాన్‌కు, ఒంటరి బ్రెవేకు అవి మంచివే. గుంపులో మాత్రం చేతులు బ్రేకులకు దూరంగా ఉన్న మనిషి వెనక ఎవరూ తొక్కాలనుకోరు.

కార్బనా, అల్యూమినియమా?

ఈ చర్చకు దొరికేంత సమయం ఇంకే చర్చకూ దొరకదు, పనికొచ్చేది మాత్రం తక్కువ. కార్బన్ ఫ్రేము బండి, అదే స్థాయి అల్యూమినియం బండి కంటే కిలో, కిలోన్నర తేలిక అనుకుందాం. మనిషి, బండి, నీళ్ళ సీసాలు కలిపి 80 కిలోలు. ఒక కిలో తగ్గితే ఎక్కుడులో మీకు కలిసొచ్చేది మహా అయితే 1.25 శాతం. ఇరవై నిమిషాల ఘాట్‌లో అది 15 సెకన్లు. చదును రోడ్డు మీద దాదాపు ఏమీ ఉండదు. వికారాబాద్ అనంతగిరి ఎక్కుడు పొడవు ఎంతో తెలిసినవాళ్ళకు ఈ 15 సెకన్లు కూడా రావని తెలుసు.

రేసులు కొట్టేవాళ్ళ సంగతి వేరు. అంతర్జాతీయ సమాఖ్య యూసీఐ నిబంధన ప్రకారం రేస్ బండి 6.8 కిలోలకు తగ్గకూడదు. ఆ గీత దాకా దించడానికి పెట్టే ప్రతి వంద గ్రాములకూ వేలల్లో ఖర్చు. మన నగర క్లబ్బుల్లో ఎక్కువమందికి ఆ డబ్బు టైర్లకు, ఒక మంచి బైక్ ఫిట్‌కు (బండిని మీ ఒంటి కొలతలకు సరిచేయించడానికి), రెండు జతల మంచి షార్ట్స్‌కు పెడితే తేడా మొదటి రైడ్‌లోనే తెలుస్తుంది. కార్బన్ కంపనాలను కాస్త మింగుతుంది, ఒప్పుకుంటాను. టైరు వెడల్పును 25 మి.మీ. నుంచి 32కు మార్చితే అంతకంటే ఎక్కువే మింగుతుంది, ఖర్చు దాంతో పోలిస్తే చాలా తక్కువ.

టైర్లు: ఇక్కడ పిసినారితనం వద్దు

మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకర్లు, గుంతలు, కంకర, పగిలిన సీసాల ముక్కలు, తుమ్మ ముళ్ళు అన్నీ ఉంటాయి. పాతకాలం పద్ధతిలో 23, 25 మి.మీ. టైర్లలో గాలి ఒత్తిడి 110 పీఎస్ఐ దాకా కొట్టి రాయిలా చేసుకుంటే, బండి ఎగిరెగిరి పడుతుంది. ఎగిరే బండి ముందుకు పోదు. 70 కిలోల మనిషికి 28 మి.మీ. టైరులో 70 పీఎస్ఐ చుట్టూ, ముందు చక్రానికి ఓ ఐదు తక్కువగా పెట్టి చూడండి. వేగం తగ్గదు, మణికట్లు నొప్పి పుట్టవు. 32 పడితే ఇంకా మంచిది. కొనేముందు ఫ్రేములో ఎంత వెడల్పు టైరు పడుతుందో అడగండి. పాత రిమ్ బ్రేకు (చక్రం అంచును షూలతో పట్టి ఆపే బ్రేకు) బండ్లలో చాలావాటికి 25 లేదా 28 దాటదు.

ట్యూబ్‌లెస్ తీసుకోవాలా అన్నది తరవాతి ప్రశ్న. లోపల పోసిన సీలెంట్ ద్రవం చిన్న చిన్న ముళ్ళ రంధ్రాలను అక్కడికక్కడే మూసేస్తుంది, ఇది గొప్ప సుఖం. కానీ మన ఎండకు అది త్వరగా ఎండిపోతుంది. రెండు మూడు నెలలకోసారి చూసుకుని పోసుకునే ఓపిక ఉంటేనే ట్యూబ్‌లెస్. పెద్ద కోత పడితే నడిరోడ్డు మీద చేతులంతా పాలలాంటి జిగురుతో, లోపల ట్యూబ్ వేసుకోవాలి. వారానికి రెండు రోజులు తొక్కేవాళ్ళకు ట్యూబులే చాలంటాను.

ట్యూబ్ అంటే గుర్తొచ్చింది. రోడ్ బైక్ ట్యూబులకు సన్నటి ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. ఊళ్ళో పంక్చర్ షాపులో స్కూటర్లకు వాడే గాలి పైపు దానికి పట్టదు. షాపతను కాసేపు చూసి, "ఇది మన దగ్గర కాదు సార్" అంటాడు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటుంది, దాన్ని ఎప్పుడూ వాల్వ్‌కే బిగించి ఉంచుకోండి. అప్పుడు శంకర్‌పల్లి దాటాక ఏ లారీల షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. కాకపోతే పైన ఉన్న చిన్న మర ముందు వదులు చేయాలి, కంప్రెసర్ గాలి ఒక్కసారిగా దూసుకొస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా వదలమని చెప్పాలి. జేబులో ఒక స్పేర్ ట్యూబ్, రెండు టైర్ లివర్లు, చిన్న పంపు లేకుండా గుంపు రైడ్‌కు వచ్చేవాళ్ళంటే ఏ క్లబ్బులోనూ పెద్ద గౌరవం ఉండదు.

రిమ్ బ్రేకా, డిస్కా?

పొడి రోడ్డు మీద మంచి రిమ్ బ్రేకు దేనికీ తీసిపోదు. తేలిక, చౌక, రోడ్డు పక్కన ఎవరైనా సరిచేయగలరు. తేడా వానలో. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడిసిన రిమ్ మీద బ్రేకు షూ మొదట నీటిని తుడవాలి, ఆ తర్వాతే పట్టు. ఆ ఒకటి రెండు చుట్లలో బండి ఏమీ పట్టనట్టు ముందుకే పోతుంది. శృంగవరపుకోట దాటాక అరకు ఘాట్‌లో గానీ, శ్రీశైలం డ్యాం దగ్గరి మలుపుల్లో గానీ వానలో దిగేవాళ్ళకు డిస్కు విలాసం కాదు.

అయితే డిస్కుల్లోనూ రెండున్నాయి. కేబుల్‌తో లాగే చౌక డిస్కులు తరచూ బిగించుకుంటూ ఉండాలి, పట్టు కూడా మంచి రిమ్ బ్రేకు కంటే గొప్పగా ఉండదు. నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ డిస్కు ఒక వేలితో ఆపుతుంది. అవి బండి ధరను బాగా పెంచుతాయి. బడ్జెట్ గట్టిగా ఉంటే, చౌక డిస్కు బండి కంటే మంచి రిమ్ బ్రేకు బండి కొనండి. ఈ మాట ఈ రోజుల్లో షాపుల్లో ఎవరూ చెప్పరు, కొత్త బండ్లు దాదాపు అన్నీ డిస్కులతోనే వస్తున్నాయి కాబట్టి.

హైడ్రాలిక్ కొన్నవాళ్ళకు ఒక జాగ్రత్త. సైకిల్‌ను కారులోనో, బస్సులోనో వేసుకుపోయేటప్పుడు చక్రం ఊడదీస్తే, ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ బిళ్ళ పెట్టండి. చక్రం లేనప్పుడు ఎవరైనా పొరపాటున లివర్ నొక్కితే రెండు ప్యాడ్లూ అతుక్కుపోతాయి, తెల్లవారుజామున నాలుగున్నరకు స్క్రూడ్రైవర్‌తో వాటిని విడదీస్తూ కూర్చోవాలి. బిళ్ళ లేకపోతే మడిచిన విజిటింగ్ కార్డయినా సరే.

గేర్లలో చూడాల్సింది

గేర్లు చేసే షిమానో కంపెనీలో కింది నుంచి క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అని మెట్లు. పై మెట్టుకు పోయేకొద్దీ గేర్లు పెరుగుతాయి, మార్పు మెత్తగా ఉంటుంది. సోరా, టియాగ్రా క్లబ్ రైడ్లకు బ్రహ్మాండంగా సరిపోతాయి. పేరు కంటే ముఖ్యంగా చూడాల్సింది వెనక అతిపెద్ద పళ్ళ చక్రం. ముందు చిన్నది 34 పళ్ళు, వెనక పెద్దది 28 పళ్ళయితే, నిమిషానికి 60 సార్లు తొక్కినా బండి 9 కి.మీ. వేగంతో పోవాలి. నిలువు ఎక్కుడులో అంత వేగం మనలాంటివాళ్ళ కాళ్ళల్లో ఉండదు, దాంతో మోకాళ్ళ మీద భారం పడుతుంది. వెనక 34 ఉంటే అదే తొక్కుడుకు ఏడున్నర చాలు. సింహాచలం కొండో, కైలాసగిరో ఎక్కేవాళ్ళు 32 గానీ 34 గానీ ఉన్నదే అడగండి. 28తో కొండెక్కడం మగతనం అనుకునేవాళ్ళు మోకాళ్ళ డాక్టరు దగ్గర కలుస్తారు.

పెడళ్ళు

మొదటి నెలలు మామూలు పెడళ్ళే. గుంపులో తొక్కడం, చెయ్యి ఊపి గుంత చూపించడం, తల తిప్పకుండా వెనక ఏం వస్తోందో గమనించడం వచ్చాక క్లీట్ల సంగతి, అంటే బూటు అడుగున బిగించి పెడల్‌కు తగిలించే బిళ్ళల సంగతి చూడండి. వాటిలో రెండు మరలవి, మూడు మరలవి అని రెండు పద్ధతులు. మూడు మరల ఎస్‌పీడీ-ఎస్ఎల్ పాదానికి పెద్ద ఆధారం ఇస్తుంది, రేసులకు బాగుంటుంది, కానీ దిగాక బాతు నడకే. హోటల్ గ్రానైట్ మెట్ల మీద జారతారు. రెండు మరల ఎస్‌పీడీ అడుగులోకి దిగి ఉంటుంది, హాయిగా నడవొచ్చు. టిఫిన్ గుంపుకు, బ్రెవేకు నా ఓటు దీనికే. కొత్తవాళ్ళు ఎస్ఎమ్-ఎస్‌హెచ్ 56 రకం క్లీట్లు అడగండి. కాలు ఏ వైపు లాగినా ఊడొస్తాయి కాబట్టి సిగ్నల్ దగ్గర పక్కకు ఒరిగి పడే టెన్షన్ తక్కువ.

పవర్ మీటరా, హార్ట్ రేట్ బెల్టా, రెండూ వద్దా?

ట్రైనింగ్‌కు డబ్బు పెట్టాలనుకుంటే మొదట ఛాతీకి కట్టుకునే హార్ట్ రేట్ బెల్టు. కొన్ని వేలల్లో అయిపోతుంది. చేతి గడియారం చూపే సంఖ్య హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నప్పుడు తడబడుతుంది. బెల్టుకూ లోపముంది: ఏప్రిల్, మే ఎండల్లో అదే వేగానికి గుండె రెండో గంటలో పది పదిహేను ఎక్కువ కొట్టుకుంటుంది. మీరు బలహీనపడలేదు, ఒంట్లో నీళ్ళు తగ్గాయి. లీటరు నీళ్ళకు ఒక ప్యాకెట్ చొప్పున ఓఆర్ఎస్ కలిపిన సీసా ఒకటి, మంచినీళ్ళది ఒకటి పెట్టుకుని, ఐదుకల్లా బయలుదేరితే సగం సమస్య పోతుంది.

పవర్ మీటర్ ఎండా వానా చూడకుండా మీరు పెట్టిన శక్తిని వాట్లలో చెబుతుంది. ఇరవై నిమిషాలు ప్రాణం పెట్టి తొక్కి, సగటు వాట్లలో 95 శాతం తీసుకుంటే గంటసేపు నిలబెట్టగల శక్తికి ఓ అంచనా దొరుకుతుంది. రాసుకున్న ప్లాన్ ప్రకారం వారానికి నాలుగు రోజులు తొక్కేవాళ్ళకు ఇది డబ్బుకు తగ్గ వస్తువు. ఆదివారం మాత్రమే వచ్చేవాళ్ళకు చాయ్ దగ్గర చెప్పుకోవడానికి ఒక సంఖ్య, అంతే.

వీటికంటే పెద్ద సమస్య క్లబ్బుల్లో ఎవరూ ఒప్పుకోనిది. ప్రతి రైడూ రేసైపోతుంది. మెల్లగా పోదామని బయలుదేరిన గుంపు నార్సింగి దాటేసరికి 33 మీద ఉంటుంది, ఎవరు మొదలెట్టారో ఎవరికీ తెలియదు. ఓర్పు క్రీడల్లో పైస్థాయివాళ్ళ శిక్షణను గమనించిన స్టీఫెన్ సైలర్ చెప్పింది, వాళ్ళ సెషన్లలో ఎనిమిది పాళ్ళు తేలిక, రెండు పాళ్ళే కఠినం అని. మనం తేలిక రోజున కష్టపడతాం, కష్టం రోజున అలసిపోయి ఉంటాం. మాట్లాడుతూ తొక్కగలిగితే అది తేలిక. దానికి యంత్రం అక్కర్లేదు, నోరు చాలు. తేలిక రోజులు ఒంటరిగా తొక్కండి, గుంపు రైడ్‌ను కఠినమైన రోజు కింద లెక్కేసుకోండి.

ఇండోర్ ట్రైనర్ వానాకాలానికి, రాత్రి ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చేవాళ్ళకు పనికొస్తుంది. వెనక చక్రం రోలర్ మీద తిరిగే రకం చౌక, కానీ టైరును తినేస్తుంది, చప్పుడు చేస్తుంది. చక్రం తీసి నేరుగా చైన్ తగిలించే రకం ఖరీదు, ఫ్లాట్‌లో కింది ఇంటివాళ్ళతో గొడవ తక్కువ. ఏది కొన్నా ఎదురుగా పెద్ద ఫ్యాన్ లేకపోతే పావుగంటలో దిగేస్తారు.

సెకండ్ హ్యాండ్ అయితే

డబ్బు తక్కువైతే సెకండ్ హ్యాండ్ కొనడానికి మొహమాటపడకండి. ఉత్సాహంతో కొని పక్కన పడేసిన బండ్లు ప్రతి క్లబ్బులో ఉంటాయి. చైన్ మీద స్కేలు పెట్టి కొలవండి: కొత్త చైన్‌లో పన్నెండు పూర్తి లింకులు సరిగ్గా 12 అంగుళాలు. అంగుళంలో పదహారో వంతు సాగితే చైన్ మార్చాలి, ఎనిమిదో వంతు సాగితే వెనక పళ్ళ చక్రాలూ మార్చాలి, ఆ మేరకు ధర తగ్గించమని అడగండి. కార్బన్ అయితే హ్యాండిల్ కింది ట్యూబ్ చుట్టూ, సీటు బిగింపు దగ్గర, పెడళ్ళ ఇరుసు చుట్టూ టార్చి వేసి పెయింట్‌లో గీతల్లాంటి పగుళ్ళు ఉన్నాయేమో చూడండి. ఆఖరున సీటు రాడ్డు బయటికి లాగించండి. ఏళ్ళ చెమట దిగి ఫ్రేములో పట్టేసి ఉంటే అది మళ్ళీ కదలదు, సీటు మీ ఎత్తుకు రాదు. అమ్మేవాళ్ళు దాన్ని లాగి చూపించడానికి ఇష్టపడకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.